తోతాపురి ధర జూన్‌లో కాదు, మార్చిలోనే తేలాలి

ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ, ఉద్యాన, మార్కెటింగ్, ఆహార శుద్ధి శాఖల అధికారులకు,
చిత్తూరు, తిరుపతి జిల్లాల కలెక్టర్లకు,
రెండు జిల్లాల మామిడి గుజ్జు పరిశ్రమల యజమానులకు,

నమస్కారం.

2025 సీజన్‌లో గుజ్జుకు వాడే తోతాపురి మామిడికి ఏ గతి పట్టిందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీ కిలోకు 8 రూపాయలు ఇవ్వాలన్నారు, ప్రభుత్వం 4 కలిపి రైతుకు 12 ముట్టేలా చూస్తామన్నారు. 6.5 లక్షల టన్నులకు 260 కోట్ల రూపాయలని లెక్క కట్టారు. ప్రభుత్వం వంతు 4 రూపాయల సంగతి అలా ఉంచితే, ఫ్యాక్టరీల వంతు 8 రూపాయల దగ్గరే చిక్కు పడింది. ఉత్తర్వులో ఉన్న ధర ఒకటి, చేతికొచ్చింది ఇంకొకటి అన్న ఫిర్యాదులు కోతలు అయిపోయిన నెలల తర్వాత కూడా ఆగలేదు.

ఆదుకోలేదని అనడానికి ఈ లేఖ రాయడం లేదు. ఆదుకున్నారు, కానీ వేళ దాటాక. లోడుతో ట్రాక్టరు ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడ్డాక ధర ప్రకటిస్తే, ఆ ధరను అడిగి తీసుకునే బలం రైతుకు ఉండదు. కోసిన కాయను వెనక్కి తీసుకెళ్లి చెట్టుకు కట్టలేం కదా.

తోతాపురి క్యాలెండరు అందరికీ తెలిసిందే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పూత, మార్చికి పిందె, మే చివర్లో మొదలై జూలై దాకా కోత. ఎంత కాపు ఉందో ఏప్రిల్ మొదటి వారానికి తోట చూసి చెప్పేయొచ్చు. ఫ్యాక్టరీకి ఎంత కాయ కావాలో అంతకంటే ముందే తెలుస్తుంది. గోదాములో పోయినేటి డ్రమ్ములు ఎన్ని మిగిలాయో, కొత్తగా ఎన్ని ఆర్డర్లు ఉన్నాయో వాళ్ల దగ్గర రాసి ఉంటుంది. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసే బాధ్యత మాత్రం ఇప్పటిదాకా ఎవరికీ అప్పగించలేదు.

లెక్క కష్టమేమీ కాదు. తోతాపురిలో గుజ్జు దిగుబడి సగం, కొంచెం అటూ ఇటూ. రెండు కిలోల కాయకు ఒక కిలో గుజ్జు అనుకోండి. శుద్ధి చేసిన గుజ్జును అసెప్టిక్ (సూక్ష్మజీవులు లేని) సంచిలో నింపి ఇనుప డ్రమ్ములో పెడతారు. ఒక్కో డ్రమ్ము నికర బరువు 215 కిలోలు, అంటే 430 కిలోల కాయ. 20 అడుగుల కంటెయినరులో 80 డ్రమ్ములు పడతాయి. అది 17.2 టన్నుల గుజ్జు, సుమారు 34 టన్నుల కాయ. కాయ కిలో 8 రూపాయలైతే డ్రమ్ములో కాయ ఖరీదు 3,440 రూపాయలు, 12 అయితే 5,160. కాయ మీద రూపాయి పెరిగితే గుజ్జు కిలో మీద రెండు రూపాయలు పెరుగుతుంది. "అంత ధర పెడితే విదేశాల్లో అమ్ముడుపోదు" అని ఫ్యాక్టరీలు చెప్పేటప్పుడు, ఆ మాట ఎంతవరకు నిజమో ఈ లెక్క పక్కన పెట్టి చూడాలి. కొంత నిజమే. మొత్తం నిజం కాదు.

అసెప్టిక్ డ్రమ్ములోని గుజ్జు ఏడాదిన్నర నుంచి రెండేళ్లు నిలవుంటుంది. ఫ్యాక్టరీకి అది వరం. రైతుకు మాత్రం అక్కడే దెబ్బ తగులుతుంది, ఎందుకంటే ఒక ఏడాది అమ్ముడుపోని గుజ్జు మరుసటి ఏడాది మన కాయకే పోటీకి వస్తుంది. గోదాముల్లో లక్ష టన్నుల గుజ్జు మిగిలిందంటే, కొత్త సీజన్‌లో రెండు లక్షల టన్నుల కాయకు ముందే గిరాకీ లేనట్టు. 2023 చివర్లో ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక యూరప్ దారి ఆఫ్రికా చుట్టూ తిరిగింది. రోజులు పెరిగాయి, కంటెయినరు బాడుగ పెరిగింది. మన గుజ్జు చెన్నై రేవు నుంచి యూరప్‌కూ గల్ఫ్‌కూ వెళ్లే సరుకు కాబట్టి ఆ సెగ చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం ర్యాంపు (వ్యాపారులు కాయ కొనే యార్డు) దాకా తగిలింది. ఎగుమతి ఆగితే నిల్వ పేరుకుంటుందని, నిల్వ పేరుకుంటే ధర పడుతుందని 2024లోనే ఊహించవచ్చు. ఊహించాల్సిన పని ఎవరికీ లేదు కాబట్టి ఎవరూ ఊహించలేదు.

అందుకే మా మొదటి కోరిక నిల్వల ప్రకటన. ఏటా ఫిబ్రవరి 28 లోపు ప్రతి గుజ్జు ఫ్యాక్టరీ తన దగ్గరున్న తోతాపురి గుజ్జు ఎన్ని టన్నులో, రాబోయే సీజన్‌లో ఎన్ని టన్నుల కాయ కొంటుందో జిల్లా కలెక్టరుకు రాసివ్వాలి. "నిజం చెబుతారా?" అని అడగవచ్చు. చెప్పేలా చేయడానికి కొత్త యంత్రాంగం అక్కర్లేదు. నిర్వహణ మూలధనం కోసం బ్యాంకు అప్పు వాడుకునే ప్రతి ఫ్యాక్టరీ నెలనెలా తన నిల్వల వివరం బ్యాంకుకు ఇస్తుంది. ఆ నిల్వను బట్టే బ్యాంకు ఎంత తీసుకోనివ్వాలో తేలుస్తుంది. బ్యాంకుకు ఎక్కువ చూపి కలెక్టరుకు తక్కువ చూపడం, లేదా దానికి తిరగేసి చేయడం, రెండు కాగితాలూ ఒకే బల్ల మీదకు వస్తే కుదరదు. ఆహార శుద్ధి విధానం 4.0 కింద (2024–29) రాయితీలు కోరే పరిశ్రమలకు ఈ ప్రకటనను, రైతుకు చెల్లించిన ధర రసీదులను తప్పనిసరి షరతుగా పెట్టండి. రాయితీ దరఖాస్తు వేళ షరతు పెడితే చాలు, జూన్‌లో గేటు దగ్గరికి పోలీసులను పంపక్కర్లేదు.

నిల్వ తెలిస్తే మార్చి 31కి కనీస కొనుగోలు ధర ప్రకటించవచ్చు. అది 8 కావచ్చు, 10 కావచ్చు, మంచి ఏడాదిలో 14 కావచ్చు. ఎంతన్నది ఈ లేఖలో మేం పట్టుబట్టం. పిందె దశలోనే ధర తెలిస్తే రైతు మందులకు, కోత కూలికి ఎంత పెట్టాలో తేల్చుకుంటాడు. కాపు తక్కువున్న చెట్ల మీద ఆఖరి రెండు పిచికారీలు మానేస్తాడు. తోటను గుత్తకు ఇవ్వాలా, తానే కోయించుకోవాలా అన్నది కూడా అప్పుడే తేలుతుంది.

ధర పడిపోయినప్పుడు ఆదుకోవడానికి కేంద్రం ఇచ్చే మార్కెట్ జోక్య పథకం సంగతి. 2025 ఫిబ్రవరిలో దాని నియమాలు మారాయి. మామూలు ఏడాది ధరతో పోలిస్తే కనీసం 10 శాతం పడిపోతేనే పథకం వర్తిస్తుంది. పంటలో 25 శాతం వరకే వర్తిస్తుంది. సరుకు కొనకుండా, ధరలో తేడాను నేరుగా రైతు ఖాతాలో వేసే వెసులుబాటు ఉంది, ఆ తేడా కూడా నిర్ణయించిన ధరలో 25 శాతం మించకూడదు. 2025 జూలైలో మన తోతాపురికి క్వింటాలు 1,490.73 రూపాయల ధరతో 1.62 లక్షల టన్నులకు అనుమతి వచ్చింది. 6.5 లక్షల టన్నుల్లో పావు వంతు అంతే. కోతలు సగం దాటాక వచ్చిన అనుమతి అది. పైగా కేంద్రం లెక్కలో న్యాయమైన ధర కిలో 14.91 రూపాయలు, రాష్ట్రం లెక్కలో 12. రైతు సేవా కేంద్రంలో కూర్చున్న సిబ్బందిని ఈ తేడా గురించి అడిగితే ఏం చెప్పగలరు? 10 శాతం పడిందని చూపడానికి రోజువారీ ధరల పట్టిక కావాలి. దామలచెరువు, బంగారుపాళ్యం, పుత్తూరు వంటి చోట్ల ర్యాంపు ధరలను మే 20 నుంచే రోజూ నమోదు చేసి ఉంచితే, ప్రతిపాదన జూన్ మొదటి వారంలోనే ఢిల్లీ చేరుతుంది. ఇప్పుడు ధరలు పడ్డాక పాత ధరలు వెతుక్కుంటున్నారు.

ఇక గేటు దగ్గర జరిగే నష్టం. దీని మీద చర్చ తక్కువ, డబ్బు పోయేది ఎక్కువ. అయిదు టన్నుల ట్రాక్టరు లోడులో నూటికి 5 చొప్పున తరుగు తీస్తే 250 కిలోలు పోతాయి. కిలో 12 లెక్కన 3,000 రూపాయలు. టోకెను దొరక్క రెండు రోజులు రోడ్డు మీద ఎండలో నిలబడితే కాయ బరువు తగ్గుతుంది, పైవరసలో ఎండదెబ్బ తగులుతుంది, అడుగు వరసలు నలిగి తొడిమ దగ్గర కుళ్లు మొదలవుతుంది. ఆ కుళ్లు చూపి మళ్లీ ధర తగ్గిస్తారు. ఆలస్యం ఫ్యాక్టరీది, ధరలో కోత రైతుకు. టోకెను మీద లోడు దింపే తేదీ, గంట వేయాలి. ఆ గంట దాటి 12 గంటలు ఆగిన ప్రతి లోడుకూ తరుగు తీయకూడదన్న ఒక్క నియమం పెట్టండి, క్యూలు వాటంతటవే పొట్టివవుతాయి. వేబ్రిడ్జి రసీదు మీద స్థూల బరువు, ఖాళీ బండి బరువు, తరుగు, కిలో ధర నాలుగూ విడివిడిగా అచ్చుపడాలి. తెల్లకాగితం మీద పెన్నుతో గీసిచ్చే చీటీలను రాయితీ లెక్కకు ఒప్పుకోకండి.

నాణ్యత విషయంలో ఫ్యాక్టరీల వాదనలో పస ఉంది, దాన్ని దాచక్కర్లేదు. తోతాపురి గుజ్జు కొనేవాళ్లు కనీసం 14 బ్రిక్స్ (తీపు కొలత) అడుగుతారు. లేతకాయ కోస్తే మాగినా ఆ తీపు రాదు. ధర రోజురోజుకూ పడుతున్నప్పుడు రైతు భయపడి లేతకాయే కోసేస్తాడు, దాంతో గుజ్జు పలచబడుతుంది, ఫ్యాక్టరీ ధర ఇంకా తగ్గిస్తుంది. ముందుగా ధర తెలియకపోవడం వల్ల వచ్చే నష్టాల్లో ఇదీ ఒకటి. అయితే పచ్చికాయ కోసి రిఫ్రాక్టోమీటరు (బ్రిక్స్ చూసే పరికరం) పెట్టి, బ్రిక్స్ తక్కువని లోడు తిప్పి పంపడం అన్యాయం. పచ్చికాయలో ఉండేది పిండిపదార్థం, మాగాకే అది చక్కెరగా మారుతుంది. గేటు దగ్గర చేయదగ్గ పరీక్ష బకెట్టు నీళ్లు. ముదిరిన కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. లోడులో వేర్వేరు చోట్ల నుంచి 20 కాయలు తీసి నీళ్లలో వేసి, ఎన్ని తేలాయో రసీదు మీద రాయండి. బ్రిక్స్ చూడాలంటే అవే 20 కాయలకు లోడు సంఖ్య వేసి మాగబెట్టి, అయిదారు రోజుల తర్వాత రైతు ఎదుట చూడండి. 14 మీద ప్రతి బ్రిక్స్‌కు కొంత అదనం ఇస్తే లేతకాయ కోసేవాళ్లు తగ్గుతారు.

రాయితీ డబ్బు ఎవరి ఖాతాలో పడాలన్నది ఇంకో చిక్కు. ఈ-పంట (ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే) నమోదు ఎక్కువగా పట్టాదారు పేరు మీద ఉంటుంది. మామిడి తోటల్లో చాలా వాటిని పూత దశలోనో పిందె దశలోనో గుత్తకు ఇచ్చేస్తారు. గుత్తదారు కోసి అమ్ముతాడు, రసీదు అతని పేరున వస్తుంది. రసీదు ఒకరిది, ఈ-పంట ఒకరిది అయినచోట చెల్లింపు ఆగుతుంది, లేదా నష్టం భరించని మనిషికి డబ్బు పడుతుంది. ఏప్రిల్‌లో ఈ-పంటలో "ఈ సీజన్ కాపు ఎవరిది" అన్న ఒక గడి చేర్చండి. పట్టాదారు, గుత్తదారు ఇద్దరూ రైతు సేవా కేంద్రంలో సంతకం చేయాలి. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలుకార్డు ఉన్నవాళ్లకు ఇది ఎంత అవసరమో, తోట గుత్తకు తీసుకున్నవాళ్లకూ అంతే.

పొరుగు రాష్ట్రాల కాయ విషయంలో మా అభిప్రాయం చాలామంది రైతులకు నచ్చకపోవచ్చు. 2025 జూన్‌లో కర్ణాటక తోతాపురిని చిత్తూరు జిల్లాలోకి రాకుండా ఆపారు. ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి లేఖ రాశారు. గేటు మూస్తే వారం పదిరోజులు ఊపిరి ఆడుతుంది, అంతే. కోలారు జిల్లా శ్రీనివాసపురం రైతుకూ మన పలమనేరు రైతుకూ కొనేవాళ్లు చాలావరకు ఒకరే. అక్కడి కాయ ఇక్కడికి రాకపోయినా, అక్కడే గుజ్జయి మన గుజ్జుతో చెన్నై రేవులో పోటీ పడుతుంది. మన బేనీషా (బంగినపల్లి), ఖాదర్, ఇమామ్ పసంద్ మామిడి రకాలు బెంగళూరు, చెన్నై మార్కెట్లకు వెళ్లే సరుకు. ఎదురు ఆంక్షలు వస్తే నష్టపోయేది వాటిని పండించేవాళ్లు. అదే ఏడాది కర్ణాటకకు కేంద్రం 2.5 లక్షల టన్నులకు క్వింటాలు 1,616 రూపాయల ధర అనుమతించింది. కిలోకు మనకంటే రూపాయి పావలా ఎక్కువ. ఒకే కాయకు సరిహద్దుకు అటూ ఇటూ రెండు ధరలుంటే సరుకు దొంగదారుల్లో కదలకుండా ఉంటుందా? రెండు రాష్ట్రాలూ తమిళనాడును కలుపుకుని, ఒకే ప్రతిపాదనతో, ఒకే నెలలో కేంద్రం దగ్గరికి వెళ్లాలి.

గిరాకీ వైపు చేయగల పని ఒకటుంది, అది ఢిల్లీ చేతిలో ఉంది. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం సీసాలో తాగడానికి సిద్ధంగా అమ్మే పండ్ల పానీయంలో పండు కనీసం 10 శాతం ఉంటే చాలు. మామిడి బొమ్మ వేసుకున్న లీటరు సీసాలో 100 గ్రాముల గుజ్జు, అంటే 200 గ్రాముల కాయ. కిలో 12 లెక్కన కాయ ఖరీదు 2 రూపాయల 40 పైసలు. మిగిలింది నీళ్లు, చక్కెర, రంగు, వాసన, ప్రకటన ఖర్చు. కనీసాన్ని 15 శాతం చేస్తే సీసాకు 1 రూపాయి 20 పైసల కాయ అదనంగా పడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి పండ్ల గుజ్జు పానీయాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. ఆ తగ్గింపుతో పోల్చితే ఈ రూపాయి ఇరవై పైసలు ఏపాటిది? రాష్ట్ర ప్రభుత్వం ఈ ప్రతిపాదనను అంకెలతో సహా ఆహార భద్రతా ప్రాధికార సంస్థకు పంపాలి. పిల్లల సీసాలో చక్కెరనీళ్ల వాటా తగ్గడం అదనపు లాభం.

ఇప్పుడు మొక్కల సంగతి. ఈ తోటలు వాటంతట అవి ఇంతగా పెరగలేదు. తోతాపురి ఏటా దాదాపు క్రమంగా కాసే రకం, ఎర్రనేలల్లో వానమీద బతుకుతుంది, ఫ్యాక్టరీ దగ్గర్లోనే ఉంది. దానికి తోడు ఉపాధి హామీ కింద గుంతలు, మొక్కలు, మూడేళ్ల సంరక్షణ ఖర్చు అందాయి. పాత పద్ధతిలో పది మీటర్ల ఎడంతో ఎకరాకు 40 చెట్లుంటే, అతి సాంద్ర పద్ధతిలో మూడు మీటర్లకు రెండు మీటర్ల ఎడంతో ఎకరాకు 670 పైచిలుకు. దిగుబడి పెంచమన్నది ఒక శాఖ. పెరిగిన దిగుబడిని ఎవరు కొంటారన్నది ఏ శాఖ పనో ఎవరికీ తెలియదు. కనీసం అయిదేళ్లు తోతాపురి కొత్త నాట్లకు రాయితీ ఆపండి.

అలాగని ఉన్న చెట్లు నరికించకండి. ధర పడిన ఏడాది కొన్ని తోటల్లో గొడ్డళ్లు పడ్డాయి. చెట్టు తీసేసిన నేలలో బోరు వేసి టమోటానో చెరకో పెడితే భూగర్భజలం ఇంకా లోతుకు పోతుంది. వానాధారపు చెట్టును నిలబెట్టుకోవడం ఈ మెట్ట ప్రాంతానికి నీటి లెక్కలో లాభం. దానికి దారి టాప్ వర్కింగ్. కోత అయ్యాక జూలై, ఆగస్టుల్లో చెట్టును భూమికి ఒకటి నుంచి ఒకటిన్నర మీటరు ఎత్తులో కొమ్మలకు కోసి, కోసినచోట బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) రాయాలి. వచ్చిన చిగుళ్లలో నాలుగైదు బలమైనవి ఉంచి మిగతావి తీసేయాలి. అవి పెన్సిలు మందం వచ్చాక నీలం, మల్లిక, బేనీషా, ఇమామ్ పసంద్ వంటి రకాలు అంటు కట్టాలి. పేస్టు రాయకపోతే కోసినచోట బూజుతెగులు దిగుతుంది, చెట్టే పోవచ్చు. కోత కాలాలు వేర్వేరుగా ఉండే రకాలు కలపాలి. అందరూ బేనీషానే కడితే మే నెలలో ఇదే కథ అవుతుంది. మూడేళ్ల దాకా కాపు రాదు కాబట్టి ఏడాదికి తోటలో నాలుగో వంతు మించి చేయకూడదు. కొత్త నాట్లకిచ్చే రాయితీని అంటు కూలికి, పేస్టుకు, ఆ మూడేళ్ల ఆదాయ లోటుకు మళ్లించండి.

ఫ్యాక్టరీ వ్యర్థం గురించి. టన్ను గుజ్జు తీస్తే దాదాపు టన్ను తొక్క, టెంక, పీచు మిగులుతాయి. వాటిని చెరువుల్లో, వంకల్లో పోస్తే పులిసి నీరు చెడుతుంది. కాలుష్య నియంత్రణ మండలి కాయ ఆడించే జూన్, జూలై నెలల్లో తనిఖీకి వస్తే చాలు, మిగతా పది నెలలు ఈ ఫ్యాక్టరీల్లో చూడటానికి పెద్దగా ఉండదు. టెంకలోని జీడి నుంచి తీసే కొవ్వును యూరప్‌లో చాక్లెట్‌లో కోకో వెన్నకు బదులు 5 శాతం దాకా వాడనిస్తారు. అనుమతించిన ఆరు కొవ్వుల్లో మామిడి జీడిదీ ఒకటి. టెంకలు వానకు తడిసి కుప్పగా పడి ఉంటే బూజు పట్టి ఆ కొవ్వు పనికిరాకుండా పోతుంది. జూన్, జూలైల్లో ఎండను నమ్ముకోలేం, డ్రైయరు కావాలి. వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద 2 కోట్ల దాకా అప్పుకు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు ఆ పని ఇప్పించండి.

మందుల అవశేషాలు మా వైపు తప్పే. యూరప్‌లో విడిగా పరిమితి చెప్పని మందుకు కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. అక్కడ 2020లో ఆపేసిన క్లోరిపైరిఫాస్ లాంటి మందు ఇక్కడ కోతకు ముందు కొడితే ఆ గుజ్జు తిరిగొస్తుంది. పండు ఈగకు కోతకు 45 రోజుల ముందు నుంచి ఎకరాకు నాలుగు మిథైల్ యూజినాల్ (ఈగను రప్పించే ఎర) బుట్టలు కట్టి, రాలిన కాయ ఏరి రెండడుగుల లోతున పూడిస్తే ఆఖరి పిచికారీ చాలా తోటల్లో అక్కర్లేదు. ఆ బుట్టలు కోతలయ్యాక కాదు, ఏప్రిల్ మొదట్లో రైతు సేవా కేంద్రాలకు చేరాలి.

నిల్వల ప్రకటనకు ఫారం ఎలా ఉండాలన్న సందేహం ఉంటే, ఒక పేజీ సరిపోతుంది. ఫ్యాక్టరీ పేరు, మండలం. జనవరి 31 నాటికి తోతాపురి గుజ్జు డ్రమ్ముల్లో ఎన్ని టన్నులు, డబ్బాల్లో ఎన్ని టన్నులు. అది ఏ సీజన్ సరుకు. అందులో ఇప్పటికే అమ్మకం ఒప్పందం అయినది ఎంత. రోజుకు ఆడించగల కాయ ఎన్ని టన్నులు. రాబోయే సీజన్‌లో కొనబోయే కాయ ఎంత, నేరుగా రైతు నుంచి ఎంత, ర్యాంపుల ద్వారా ఎంత. పోయిన సీజన్ రైతులకు ఇంకా చెల్లించాల్సిన బాకీ ఎంత. కింద యజమాని సంతకం, బ్యాంకు ముద్ర. నింపిన ఫారాలను మార్చి మొదటి వారంలో మండలంలోని ప్రతి రైతు సేవా కేంద్రం గోడ మీద అంటించండి.

ఇట్లు,
చిత్తూరు, తిరుపతి జిల్లాల తోతాపురి రైతులు, తోట గుత్తదారులు